బుధవారం దాకా నువ్వు

రోస్వీటా యాన్సెన్ తన డెబ్భై మూడో ఏట, ఒక చలికాలమంతా, ఒకే ఒక్క మాట సాధన చేసింది. ఆ మాట ‘నువ్వు’. కొత్త మాటేమీ కాదు. బతికున్నన్నాళ్ళూ మొగుడితో అదే మాట, కూతురితో అదే, రొట్టెల కొట్లో వరుస తప్పి ముందుకు దూరే కుర్రాళ్ళతో అదే, ఆదివారం చర్చిలో దేవుడితోనూ అదే. ఒక్క ఫోల్క్‌మార్ ద్రేస్‌తో మాత్రం, ఇద్దరూ ఒకే బల్ల దగ్గర నలభై అయిదేళ్ళు పనిచేసినా ఆ మాట నోరు దాటలేదు. దాటలేదంటే అబద్ధం. ఒకసారి దాటింది, సోమవారం నుంచి బుధవారం దాకా. ఆ సంగతే ఇప్పుడు చెబుతున్నాను. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది, ఎవరి మీద మండాలో తెలియక.

ద్రేస్ అంటే ఎవరో మా డ్యూసెల్‌డార్ఫ్‌లో ఇప్పుడు చిన్నపిల్లలకూ తెలుసు, బడివాళ్ళు వరుస కట్టించి మ్యూజియానికి తీసుకుపోతున్నారు కదా. అప్పట్లో ఎవరికీ తెలియదు. యుద్ధం అయిపోయి ఊరు ఊరంతా ఇటుకల కుప్పగా మిగిలాక, కొందరు కుర్రాళ్ళు రంగులూ కుంచెలూ మాకొద్దు, వెలుగుతోనే బొమ్మలు చేస్తాం అని బయలుదేరారు. ద్రేస్ వాళ్ళలో ఒకడు. పల్చటి రేకును డోలులా చుట్టి, దానికి లెక్కలేనన్ని చిల్లులు పొడిచి, లోపల బల్బు పెట్టి, కింద చిన్న మోటారు బిగించి తిప్పేవాడు. చీకటి గదిలో ఆ డోలు తిరుగుతుంటే గోడల మీదా, పైకప్పు మీదా, చూసేవాళ్ళ ముఖాల మీదా వెలుగు చుక్కలు మెల్లగా నడిచిపోయేవి. అదీ ఆయన కళ. పని లేక చేస్తున్నాడని పేటలో నవ్వుకునేవారు.

ఆయనది ఉత్తరాన సముద్రపు ఒడ్డు, హూసుం దగ్గరి పల్లె. అక్కడివాళ్ళకు మాటలంటే పొదుపు. పొద్దున ఎదురైనా ‘మోయిన్’, సాయంత్రం సెలవు తీసుకున్నా ‘మోయిన్’, మధ్యలో ఇంకేమీ ఉండదు. మా రైన్ నది ఒడ్డున ఎవరి నోరైనా కాసేపు మూతపడితే జ్వరం వచ్చిందేమోనని నుదురు పట్టి చూస్తారు. అలాంటి ఊళ్ళోకి అలాంటి మనిషి వచ్చి, ఫ్లింగర్న్ పేటలో రోస్వీటా బాబాయి నడిపే లాంప్‌షేడ్ల పనిశాల వెనకగది అద్దెకు తీసుకున్నాడు.

రోస్వీటా అప్పటికి పెళ్ళికాని పిల్ల, రోస్వీటా క్యూపర్స్. బాబాయి దగ్గర తీగె చట్రాలకు పట్టుగుడ్డో తోలో బిగించి కుట్టేది. పక్కబల్ల దగ్గర ఆమె ప్రాణస్నేహితురాలు ఫిన్‌షెన్ అంచులు కుట్టేది, అంతకన్నా ఎక్కువగా మాట్లాడేది.

ఒకరోజు బాబాయి నవ్వాపుకుంటూ వచ్చాడు. “వెనకగది ఆయనకి దీపం చుట్టూ చిల్లులు కావాలిట. గొడుగు కొనుక్కుని దానికి చిల్లులు పొడిపించుకునే రకం. నువ్వెళ్ళి మాట్లాడవే రోస్వీటా, నేను మాట్లాడితే ఆయన ముఖం మీదే నవ్వేస్తాను.”

ఆమె వెళ్ళింది. ద్రేస్ ఆమె చేతుల వంక చూశాడు.

“మీరు రేకు మీద పొడవగలరా?”

“తోలు మీద పొడుస్తానండీ. రేకు దానికంటే మొండిదా?”

ఆయన కాసేపు ఆలోచించాడు. “కాదనుకుంటాను,” అన్నాడు. ఆమెను పనిలోకి తీసుకోవడం అంతటితో అయిపోయింది.

ఆ తర్వాత మధ్యాహ్నాలు ఆమె వెనకగదిలోనే. ఆయన పెన్సిలుతో రేకు మీద చుక్కలు పెట్టేవాడు. ఆమె చెప్పులు కుట్టేవాళ్ళ ఆరె తీసుకుని, ఊపిరి బిగబట్టి, ఒక్కో చుక్కా పొడిచేది. పని చేతకాక కాదు గానీ ఆయన చేతిది బండపట్టు. తనే పొడిస్తే ఒక చిల్లు బఠాణీ అంత, ఒక చిల్లు ఆవగింజంత, రేకు నిండా సొట్టలు. “మీరు ముట్టుకోకండి ద్రేస్ గారూ,” అని ఆమె ఆయన చేతిలోంచి ఆరె లాక్కునేది. ఆయన నోరెత్తకుండా ఇచ్చేసేవాడు. ఆ తర్వాత కిటికీకి దుప్పటి కట్టి, డోలు తిప్పి, ఇద్దరూ నేల మీద కూర్చుని చుక్కలు చూసేవాళ్ళు. ఆయనంటే ఆమెకు ఇష్టం. ఆ సంగతి ఆమెకు తెలియకముందే ఫిన్‌షెన్‌కు తెలిసింది, అంటే పేటంతటికీ తెలిసినట్టే.

ఇక్కడ మా ‘మీరు’ గొడవ చెప్పుకోవాలి. మా దగ్గర ‘మీరు’ నుంచి ‘నువ్వు’కు దిగడం ఆషామాషీ వ్యవహారం కాదు. పెద్దవాళ్ళే ముందు అనాలి, పని ఇచ్చేవాళ్ళే ముందు అనాలి. గ్లాసులు పట్టుకుని, చేతులు మెలివేసి తాగి, ఎవరి పేరు వాళ్ళు కొత్తగా చెప్పుకోవాలి. ఒకే ఆఫీసులో పక్కపక్కన కూర్చుని, పింఛను పుచ్చుకుని, ‘మీరు’తోనే సమాధికి పోయేవాళ్ళు ఎంతమందో. కానీ ఉపవాసాల ముందు వచ్చే వేషాల పండగ కార్నివాల్‌లో గ్లాసు చేతికొచ్చిందంటే ‘మీరు’కు సెలవు. బ్యాంకు మేనేజర్ని గుమాస్తా ‘నువ్వు’ అంటాడు, పోలీసుని దొంగ ‘నువ్వు’ అంటాడు. భస్మ బుధవారం తెల్లవారగానే అందరూ చర్చికి పోయి, నుదుట బూడిద శిలువ పెట్టించుకుని, బుద్ధిగా ‘మీరు’లోకి వచ్చేస్తారు. ఒకరికొకరు చెప్పక్కర్లేదు. ఈ లెక్క మాకు తల్లిపాలతో వచ్చింది. ఊరవతలివాళ్ళకు ఇది తెలియకపోవచ్చని మాకు తోచను కూడా తోచదు, అదే మా రోగం.

కార్నివాల్ మొదలయ్యే గురువారం ఆడవాళ్ళ రోజు. ఆడవాళ్ళు కత్తెరలు పట్టుకుని తిరుగుతారు, కనిపించిన మగవాడి టై సగానికి కత్తిరిస్తారు, బదులుగా బుగ్గ మీద ఒక ముద్దు పెడతారు. అందుకే తెలివిగల మగవాడు ఆ రోజు పాత టై వేసుకుంటాడు, లేదా అసలు వేసుకోడు. ద్రేస్ ఏడాది పొడవునా టై ముఖం చూసేవాడు కాదు. ఆ ఏడు మాత్రం ఆ రోజు రోస్వీటా వెనకగదిలోకి వెళ్ళేసరికి ముదురు నీలం పట్టు టై కట్టుకుని, కిటికీ పక్కన నిటారుగా నిలబడి ఉన్నాడు.

“అయ్యో, ఇంత మంచి టై ఎందుకు కట్టుకున్నారండీ? ఇవాళేమిటో ఎవరూ చెప్పలేదా?”

“చెప్పారు,” అన్నాడాయన.

ఆమె నవ్వి కచుక్కున కత్తిరించింది. ముద్దు పెట్టింది. ఫిన్‌షెన్ గుమ్మంలో నిలబడి చప్పట్లు కొట్టింది.

సోమవారం ఊరేగింపు. బాబాయి పనిశాలకు తాళం వేసి అందర్నీ పక్కసందులో బీరు కొట్టుకు తీసుకుపోయాడు. రోస్వీటా కోడిపెట్ట వేషం వేసుకుంది, ఈకలన్నీ లాంప్‌షేడ్ల గుడ్డ ముక్కలే. ద్రేస్‌కు వేషం లేదు, ముక్కుకు ఎవరో ఎర్రరంగు పూశారు. జనం పాడుతున్నారు, బల్లలు చరుస్తున్నారు. ఆ గోలలో ఆయన లేచి నిలబడ్డాడు. బీరు గ్లాసు పట్టుకుని, బల్ల చుట్టూ తిరిగి ఆమె దగ్గరికి వచ్చి, గొంతు సవరించుకున్నాడు.

“నా పేరు ఫోల్క్‌మార్,” అన్నాడు.

అప్పటికి ఆమెతో ఆ రోజు చేతులు మెలివేసి తాగినవాళ్ళు చాలామంది. రొట్టెలవాడు, ట్రాము కండక్టరు, ఎవరో ముఖం తెలియని సముద్రపు దొంగ. “నాది రోస్వీటా,” అంది ఆమె పకపకా నవ్వుతూ. చేతులు మెలివేశారు, తాగారు. ఆయన ఆమె బుగ్గ మీద ముద్దు పెట్టాడు. ఎర్రరంగు ఆమెకూ అంటింది.

“బుధవారం పొద్దున్నే వస్తావా?” అన్నాడాయన. “నీకొకటి చూపించాలి.”

“నువ్వు రమ్మంటే రానా?”

ఆయన తల ఊపి, తన చోటికి వెళ్ళి కూర్చున్నాడు. ఆ సాయంత్రమంతా ఆయన ముఖం వెలిగిపోతూనే ఉందని ఫిన్‌షెన్ తర్వాత చెప్పేది. ఎర్రముక్కు వల్ల ఇంకెవరికీ అది కనిపించలేదు.

బుధవారం రోస్వీటా చర్చి నుంచి నేరుగా వెనకగదికి వెళ్ళింది. నుదుట బూడిద శిలువ, మీద నల్ల కోటు, మనిషి బుద్ధిమంతురాలు. లోపల బల్ల మీద గుడ్డ కప్పిన చిన్న డోలు ఒకటి ఉంది. ద్రేస్ ఎదురొచ్చాడు. ఆయన ఊళ్ళో అంతా ప్రొటెస్టెంట్లు, బూడిద పెట్టించుకునే ఆచారం వాళ్ళకు లేదు.

“మోయిన్ రోస్వీటా. నీ నుదుటి మీద మసి అంటింది, ఉండు,” అని జేబులోంచి రుమాలు తీసి తుడవబోయాడు.

ఆమె గభాలున వెనక్కి తప్పుకుంది. బూడిద తుడవడమంటే పాపం కదా. “వద్దండీ, అది తుడవకూడదు ద్రేస్ గారూ.”

ఆయన రుమాలు గాల్లోనే ఆగిపోయింది. “ద్రేస్ గారా?” అన్నాడు.

ఆమె నవ్వింది. పద్ధతి తెలిసిన పిల్లలా, హద్దు దాటే రకం కాదు తను అని ఆయనకు తెలియాలన్నట్టు నవ్వింది. “కార్నివాల్ అయిపోయింది కదండీ,” అంది.

అంతే. ఆయన రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. మడవడానికి చాలాసేపు పట్టింది. “అవును, అయిపోయింది,” అన్నాడు.

“ఏదో చూపిస్తానన్నారు?”

“ఇది ఇంకా పూర్తికాలేదు, క్యూపర్స్ గారూ. మీరు రేపు రండి.”

ఆమె మర్నాడు వెళ్ళింది. బల్ల మీద ఆ డోలు లేదు. పొడవాల్సిన కొత్త రేకు ఉంది. ‘నువ్వు’ అని మళ్ళీ పిలుస్తాడేమోనని ఆమె ఆ వసంతమంతా చూసింది. కార్నివాల్ కాని రోజున పిలిస్తే అది నిజం పిలుపని ఆమె లెక్క. తను ముందు అంటే తప్పవుతుంది, చిన్నదాన్ని, పని చేసేదాన్ని, ఆయనే అనాలి అనుకుంది. ఆయన అనలేదు. ఆయన అనాల్సింది ఆ సోమవారమే అనేశాడు కదా, ఇంకేమంటాడు. నాలాంటివాళ్ళు ఒక్కరు అప్పుడు ఆ గదిలో ఉండుంటే ఇద్దరి తలలూ పట్టుకుని ఒకదానికొకటి కొట్టించేవాళ్ళం. ఎవరూ లేరు.

రెండేళ్ళకు ఆమె యుప్ యాన్సెన్‌ను పెళ్ళి చేసుకుంది. యుప్ బాయిలర్లు బాగుచేసేవాడు. పనిశాలలోకి వచ్చి ఆమెతో అన్న మొదటి మాటే, “నువ్వు ఈ పొగ పీలుస్తూ ఇంకా ఎలా బతికున్నావు?” ఏ పండగా లేదు, గ్లాసూ లేదు. అలాంటి మనిషి. మంచివాడు. ఆమె అతనితో సుఖంగానే ఉందని ఎవరు అడిగినా నిజాయితీగానే చెప్పేది. పెళ్ళికి ద్రేస్ వచ్చాడు, నల్లకోటు వేసుకుని. మెడలో టై లేదు. ఆ తర్వాత ఆయన మెడలో టై ఎవరూ చూడలేదు, మంత్రి వచ్చి పతకం ఇచ్చిన రోజు కూడా.

పెళ్ళయ్యాకా ఆమె చిల్లులు పొడుస్తూనే ఉంది. ఆయన పేరు పెద్దదయింది, డోళ్ళు పెద్దవయ్యాయి, గదులు పెద్దవయ్యాయి. పారిస్ పోయినా టోక్యో పోయినా గోడల మీద నడిచింది ఆమె పొడిచిన చుక్కలే. ‘యాన్సెన్ గారూ, ఈ వరస కాస్త దగ్గరగా.’ ‘అలాగే ద్రేస్ గారూ.’ వాళ్ళ మధ్య మాటలు అంతే. ఎండకాలం ఆమె కోసం చెర్రీలు తెచ్చి బల్ల మీద పెట్టేవాడు, ఎవరు తెచ్చారో చెప్పకుండా. ఆయన పెళ్ళి చేసుకోలేదు. పని పిచ్చి అనుకున్నారు జనం, ఆమె కూడా అలాగే అనుకుంది. ఆయనకు మతిమరుపు మొదలయ్యాక చెల్లెలు వచ్చి ఉత్తరానికి తీసుకుపోయింది. పనిశాల మూతపడింది. యుప్ కూడా పోయాడు.

కిందటి శరదృతువులో మ్యూజియంవాళ్ళు ద్రేస్ జీవితకాలపు పనంతా ఒకచోట పెట్టి పెద్ద ప్రదర్శన చేయాలనుకున్నారు. సామాన్లు వెతికి ఇవ్వడానికి చెల్లెలు ఎల్సబే వచ్చింది. వచ్చి రోస్వీటా ఇంట్లో ప్లమ్ పళ్ళ కేకు ముందు కూర్చుంది. పొడుగాటి మనిషి, ముఖమంతా సముద్రపు గాలి కొట్టి కొట్టి ఎండిపోయింది.

“నేను ఎల్సబే. మా వైపు పాస్టరుకీ పన్నుల ఆఫీసరుకీ తప్ప ‘మీరు’ ఉండదు. నేను ‘నువ్వు’ అంటా, నువ్వూ అను.”

“అలాగేనండీ.”

“మళ్ళీ అండీ ఏమిటి?” ఎల్సబే కేకు ముక్క నోట్లో పెట్టుకుని నమిలింది. “మా అన్నయ్య నిన్ను చివరిదాకా ‘మీరు’ అనే అన్నాడా?”

“చివరిదాకా. చాలా పద్ధతైన మనిషి.”

“పద్ధతేం కాదు. నువ్వే కదా వద్దన్నావు.”

రోస్వీటా కాఫీ కప్పు కింద పెట్టింది. “నేనా? నేనెప్పుడు వద్దన్నాను?”

“ఆ ఏడు ఈస్టర్‌కి ఇంటికొచ్చాడు. నాన్న టై ఏదిరా అని అడిగింది అమ్మ. మా నాన్న పెళ్ళినాటి టై అది. కావాలని, ఎందుకో కూడా ఉత్తరంలో రాసి తెప్పించుకున్నాడు మరి. ఆ అమ్మాయి కత్తిరించిందన్నాడు. మంచిదేగా, తర్వాత? అంది అమ్మ. తర్వాత ‘మీరు’ అంది అన్నాడు. అమ్మ చేపల గిన్నె వాడి ముందుకు జరిపింది.”

“అది కాదు,” అంది రోస్వీటా. “అది కార్నివాల్. మా ఊళ్ళో అందరూ అంటారు, బుధవారంతో అయిపోతుంది...”

“బుధవారమేంటి?”

రోస్వీటా చెప్పింది. సోమవారం సంగతి, బుధవారం సంగతి, బూడిద సంగతి. చెబుతుంటే చెబుతుంటే తన నోట్లోంచి వస్తున్నదేమిటో తనకే అర్థమైంది.

“మా వైపు ఒకసారి ‘నువ్వు’ అంటే సమాధి దాకా ‘నువ్వే’. అన్నాక మళ్ళీ ‘మీరు’ అన్నారంటే, నా గుమ్మం తొక్కొద్దని,” అంది ఎల్సబే. “టై సంగతి ఎవరో చెప్పారు వాడికి. బుధవారం సంగతి ఎవరూ చెప్పలేదు.”

రోస్వీటా ఏడ్చింది. ఏడుపు ఆపుకోవాలని కూడా చూడలేదు. నలభై అయిదేళ్ళు ఆయన ఎదురుగా నిలబడి, చెర్రీలు తిని, రోజూ తన నోటితోనే ‘మీరు’ అంటూ ఆ తలుపు మూస్తూ వచ్చిందన్నమాట. ఎల్సబే ఓదార్చలేదు, కేకు ఇంకో ముక్క కోసి ఆమె పళ్ళెంలో పెట్టింది.

“మార్చిలో ప్రారంభానికి వాణ్ణి తీసుకొస్తా. ఆ తర్వాత ప్రయాణాలు కుదరవు, డాక్టరు చెప్పేశాడు. ఎవరూ గుర్తుండరు వాడికి. కానీ ఇప్పుడు అందర్నీ ‘నువ్వు’ అనే అంటాడు. నర్సుని, డాక్టర్ని, పోస్టు తెచ్చేవాణ్ణి. నిన్నూ అంటాడు. వచ్చి విని వెళ్ళు.”

ఆ రోజు నుంచి మొదలైంది సాధన. పొయ్యి ముందు నిలబడి ‘ఫోల్క్‌మార్, నువ్వు ఎలా ఉన్నావు’ అంటుంది. సగం దాకా బాగానే వస్తుంది, చివరికి ‘ఉన్నారు’ అయిపోతుంది. నాలుక కరుచుకుని మళ్ళీ మొదలు. ఫిన్‌షెన్ వారానికోసారి వచ్చి కూర్చుని చూసేది.

“ఇప్పుడు ఎవరికోసమే ఇది? ఆయనకి తన పేరే తెలీదంట.”

“ఆయన పిలిచాడు. నేను పలకలేదు. ఒక్కసారి పలికి రావాలి.”

“ఆయన పోస్టువాణ్ణి కూడా ‘నువ్వు’ అంటున్నాడంటగా. దానికోసమా ఇంత తంటా?”

“పోస్టువాడికి ఇచ్చేదైనా సరే, నాకు చాలు,” అంది రోస్వీటా. ఫిన్‌షెన్ ఎగతాళి చేయబోయి, స్నేహితురాలి ముఖం చూసి, కాఫీ తాగింది.

ప్రారంభం కార్నివాల్ అయిపోయాక వచ్చిన మొదటి ఆదివారం పొద్దున. ట్రాము స్టాపుల దగ్గర రాళ్ళ సందుల్లో రంగుకాగితం ముక్కలు ఇంకా ఇరుక్కునే ఉన్నాయి. మ్యూజియం హాలు నిండిపోయింది. డైరెక్టరు గారు మాట్లాడారు, మాట్లాడారు, మాట్లాడుతూనే ఉన్నారు. ముందు వరసలో చక్రాల కుర్చీలో ద్రేస్. బాగా చిక్కిపోయాడు, చెవులు మాత్రం పెద్దవిగా మిగిలాయి.

“నువ్వు చాలాసేపు మాట్లాడావు,” అన్నాడాయన డైరెక్టరుతో, మధ్యలోనే. “నీకు దాహం వేయట్లేదా?”

హాలంతా నవ్వింది. నగరపు పెద్ద ఒకాయన చేయి కలపడానికి వంగితే, “నీ బూట్లు బాగున్నాయి,” అన్నాడు. నర్సును ‘నువ్వు’, ఫొటోలు తీసే అమ్మాయిని ‘నువ్వు’. ఒక్కో ‘నువ్వు’ వినబడినప్పుడల్లా రోస్వీటా గుండె తేలికపడింది. ఇంక తన వంతు వస్తుంది, ఎవరికి పడితే వాళ్ళకు పంచుతున్నాడు, తనకు మాత్రం ఎందుకు దొరకదు.

గదులన్నీ చీకటి. గది గదికీ డోళ్ళు తిరుగుతున్నాయి. తన చేతి చిల్లులు ఊళ్ళోవాళ్ళ ముఖాల మీద నడిచిపోతుంటే చూసుకుంటూ ఆమె ఫిన్‌షెన్‌తో కలిసి కుర్చీ వెనకే వెళ్ళింది. చివరి గది చిన్నది. అందులో ఒక్కటే చిన్న డోలు. పక్కన చీటీ: పేరు లేదు, మొదటిసారి ప్రదర్శిస్తున్నది. గోడల మీద చుక్కలు చూడగానే ఆమె కాళ్ళు ఆగిపోయాయి. ఒక చుక్క బఠాణీ అంత, ఒక చుక్క ఆవగింజంత. వరసలు వంకర. రేకు నిండా సొట్టలు. ఆమె చేయి పడకుండా, ఆమెకు తెలియకుండా, ఆయన తన బండచేత్తో తనే కూర్చుని పొడుచుకున్నాడు. బుధవారం చూపిస్తానన్నది ఇదే.

ఎల్సబే ఆమె వంక చూసింది. “మేం బయట ఉంటాం,” అని నర్సునూ ఫిన్‌షెన్‌నూ తీసుకుని వెళ్ళిపోయింది.

రోస్వీటా కుర్చీ ముందుకు వచ్చి వంగింది. మోకాళ్ళు పట్టేస్తున్నాయి, పట్టేయనీ అనుకుంది.

“ఫోల్క్‌మార్,” అంది. తప్పు పోలేదు. “నువ్వు దీన్ని ఆ బుధవారం నాకు చూపిస్తానన్నావు. నేను వచ్చాను. నీ దగ్గరికే వచ్చాను.”

ఆయన తల తిప్పి చూశాడు. ఆ కళ్ళు ఆమె నుదుటి మీద ఏదో వెతికాయి. తర్వాత కుర్చీలో నిటారుగా సర్దుకున్నాడు, ఎంత కష్టపడ్డాడో. చేయి మెడ దగ్గరికి పోయి, అక్కడ లేని టైను సవరించి, ఒళ్ళోకి దిగింది. ముఖం మీదికి ఒక నవ్వు వచ్చింది, పద్ధతి తెలిసినవాడి నవ్వు, హద్దు దాటే రకం కాదు తను అని ఎదుటివాళ్ళకు తెలియాలనే నవ్వు. ఆ నవ్వు ఎవరిదో ఆమెకు తెలుసు.

“కార్నివాల్ అయిపోయింది కదండీ, క్యూపర్స్ గారూ,” అన్నాడు.

యాన్సెన్ అనలేదు. మొత్తం ఊళ్ళో ఒక్క మనిషిని గుర్తుపట్టాడు, ఆ ఒక్క మనిషినే ‘మీరు’ అన్నాడు. పోస్టువాడికి దొరికింది ఆమెకు దొరకలేదు. తన మాటను ఇన్నాళ్ళూ అంత జాగ్రత్తగా, ఒక్క అక్షరం పోకుండా దాచుకున్నాడని తెలిసి, ఆమెకు ఆ క్షణంలో చచ్చిపోతే బాగుండుననిపించింది.

“అవునండీ,” అంది. “అయిపోయింది.”

ఆయన డోలు వంక చూశాడు. చుక్కలు ఇద్దరి మీదుగా వెళ్ళి, తలుపు మీదికి పోయి, మళ్ళీ వచ్చాయి.

“ఇది ఇంకా పూర్తికాలేదు. మీరు రేపు రండి.”

“వస్తానండీ,” అంది రోస్వీటా.

మధ్యాహ్నం రైలుకే ఎల్సబే ఆయన్ని తీసుకుని ఉత్తరానికి వెళ్ళిపోయింది. ట్రాములో ఫిన్‌షెన్ చాలాసేపు ఓర్చుకుంది, ఆమెకది చేతకాని పని.

“అన్నావా?”

“అన్నాను.”

“మరి ఆయనేమన్నాడే?”

రోస్వీటా చేతిసంచి ఒళ్ళో సర్దుకుని, కిటికీ వైపు తిరిగింది.

“రేపు రమ్మన్నారు,” అంది.